వాసన లేని సబ్బు

"రెండ్రోజుల ప్రయాణానికి ఇంత ప్లానా లిన్? నేను తొమ్మిది రోజులకి వెళ్తున్నా. నేనేమైనా ప్లాన్ చేశానా?"

కర్ట్ ఆ మాట పై మెట్టు మీంచి అన్నాడు, నవ్వుతూనే అన్నాడు. అప్పటికి లినెట్ నేలమాళిగలో వాషింగ్ మెషిన్ ముందు నిలబడి ఉంది. ఒక చేతిలో అతని ఉన్ని మేజోళ్ళు, ఇంకో చేతిలో అతని నారింజరంగు వేట కోటు. పక్కన బల్లమీద అతని తొమ్మిది రోజుల లోదుస్తులు, జలుబు మాత్రలు, చేతులు వెచ్చబెట్టుకునే పొట్లాలు, వేట లైసెన్సు మడతపెట్టి పెట్టిన ప్లాస్టిక్ సంచీ. ఒక్కసారి వాటన్నిటినీ కలయజూసింది. నిజమే, పాపం కర్ట్ ఏ ప్లానూ చెయ్యలేదు.

నారింజరంగు కోటుకి ఇంటి వాసన తగలకూడదు. పెళ్ళైన మొదటి నవంబరులోనే కర్ట్ నేర్పిన పాఠం అది. "ఉల్లిపాయ వాసన గానీ, నువ్వు బట్టలకి వేసే పూల వాసన గానీ కాస్త తగిలిందా, జింక ఆమడ దూరం నుంచే పసిగట్టి పారిపోతుంది." కాబట్టి ముందు మెషిన్‌ని ఖాళీగా తిప్పి పాత సబ్బు వాసన పోగొట్టాలి. తర్వాత వేటసామాను కొట్లో అమ్మే వాసన లేని సబ్బు వేసి ఉతకాలి. డ్రయ్యర్‌లో వెయ్యకూడదు, పెరట్లో తీగమీద గాలికి ఆరెయ్యాలి. ఇన్నేళ్ళుగా చేస్తూనే ఉంది. చేస్తున్నప్పుడల్లా ఒక ఆలోచన ఈగలా వచ్చి వాలేది. ఇంటి వాసన అంటే ఏమిటి? తను వేయించిన ఉల్లిపాయలు, తను ఉతికిన దుప్పట్లు, తను కాచిన కాఫీ. అంటే తను. తన వాసనని తన చేత్తోనే వదలగొట్టి మొగుణ్ణి అడవికి పంపిస్తోందన్నమాట. ఈగని తోలేసి మెషిన్ మూత వేసేసేది.

ఈసారి సబ్బు సీసా ఎత్తి చూస్తే అడుగున ఒక్క ఉతుక్కి సరిపడా ఉంది. వచ్చే శనివారమే తొమ్మిది రోజుల జింకల వేట మొదలు. ఈ వారంలో ఉత్తర విస్కాన్సిన్ మొత్తం గాలించినా ఆ సబ్బు దొరకదు, ముందుచూపున్న పెళ్ళాలు ఎప్పుడో ఎగరేసుకుపోయి ఉంటారు. సరే, ఒక్కటి చాలులే, బుధవారం ఉతకొచ్చు అనుకుని సీసాని అలమరలో పెట్టేసింది.

లినెట్ రెండ్రోజుల ప్రయాణం షికాగోకి. లినెట్ ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు కానీ ఆ ఊరు ఆమెకి కంఠోపాఠం. బడి ఆఫీసులో గుమాస్తా ఆమె. ఏటా ఎనిమిదో తరగతి పిల్లల్ని షికాగో తీసుకెళ్తారు. బస్సులు మాట్లాడేదీ, హోటల్లో గదులు తీసుకునేదీ, ఏ పిల్లకి వేరుశెనగ పడదో ఏ పిల్లాడు నిద్రలో నడుస్తాడో టీచర్లకి చెప్పేదీ ఆమే. ఏ వీధిలో ఏ రైలు ఎక్కాలో, ఏ మ్యూజియం ఏ రోజు ఉచితమో నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. వెళ్ళేది మాత్రం టీచర్లు. "నువ్వు కూడా వస్తే ఆఫీసు ఎవరు చూస్తారు లినెట్?" అనేవాడు హెడ్మాస్టరు హాల్వర్సన్. తిరిగొచ్చాక ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని ఆమెకో ఫ్రిజ్ అయస్కాంతం తెచ్చేవాళ్ళు. ఆకాశహర్మ్యాల బొమ్మలు, సరస్సు బొమ్మ, పైన పట్టాలమీద పోయే రైలు బొమ్మ. ఇప్పుడా అయస్కాంతాలు ఆమె ఫ్రిజ్ మీద కర్ట్ వేట క్యాలెండరుని పడిపోకుండా పట్టుకుని ఉన్నాయి.

సెప్టెంబరులో ఒకరోజు బడి వంటశాలలో పనిచేసే మై చువా అంది, "వేట మొదలయ్యే శనాదివారాల్లో మనం షికాగో పోదాం. మగాళ్ళుండరు. అడిగేవాడుండడు." మై చువా లావోస్ నుంచి వచ్చిన హ్మాంగ్ వాళ్ళ పిల్ల, నలభై దాటినా లినెట్‌కి పిల్లే. ఆమె మొగుడు కూడా అదే అడవికి, ఇంకో వైపు నుంచి వేటకి పోతాడు. ఆ వారం ఊళ్ళో ఆడవాళ్ళని అందరూ 'వేట వితంతువులు' అని వేళాకోళం చేస్తారు. బట్టల కొట్టు వాళ్ళు అదే పేరుతో అద్దం మీద తగ్గింపు బోర్డు కూడా పెడతారు. మొగుడు నిక్షేపంలా ఉండగా దక్కే తొమ్మిది రోజుల వైధవ్యం. అందులో రెండున్నర రోజులు షికాగోకి రాసిచ్చేస్తే ఏం పోయింది?

ఆ తర్వాత రెండు నెలలూ లినెట్ బతికింది ఆ ప్లాన్ మీదే. ఫైళ్ళు సర్దుతూ, అంట్లు తోముతూ, అత్తగారి తుంటికి మందు రాస్తూ తన ప్రయాణాన్ని మళ్ళీ మళ్ళీ మొదట్నుంచీ చేసేది. శుక్రవారం పొద్దున్నే మై చువా కార్లో బయల్దేరి మధ్యాహ్నానికి చేరడం. సాయంత్రం మెక్సికో వాళ్ళ వీధిలో, పళ్ళెం పుచ్చుకుని ఎవరికి కావల్సిన తీపిరొట్టెలు వాళ్ళు ఏరుకునే బేకరీ. శనివారం ఏ పనీ లేకుండా పైన పట్టాల రైలెక్కి ఈ చివర్నించి ఆ చివరిదాకా పోయి రావడం. ప్రతి స్టేషన్‌లోనూ ఎక్కే మనుషుల రంగు మారుతుందట, భాష మారుతుందట, చేతిసంచీల్లోంచి వచ్చే వాసన మారుతుందట. మధ్యాహ్నం డెవన్ వీధి. అక్కడ కాగితమంత పల్చగా, మోచేతి పొడవున చుట్టి ఇచ్చే అట్టొకటి ఉందని మై చువా ఫోన్లో వీడియో చూపించింది. "డోజా" అని ఇద్దరూ నోరు తిప్పి చూసుకున్నారు. దాంతోపాటు తెల్లటి పచ్చడేదో, గిన్నెలో వేడివేడి పులుసేదో. దాని తయారీ లినెట్‌కి బొత్తిగా తెలీదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఎలా చేస్తారో తెలియని తిండి తినడం. అంతకంటే సుఖం ఇంకోటి ఉంటుందని ఆమె అనుకోలేదు.

చిక్కెక్కడొచ్చిందంటే, కర్ట్‌కి ఈ సంగతి మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ "ఊ, వెళ్ళిరా" అన్నాడు. ఆదివారం రాత్రి భోజనాల దగ్గర గానీ అతనికి అర్థం కాలేదు.

"ఆ వారమా? నేను ఇంట్లో లేనప్పుడు ఎలా వెళ్తావ్?"

"నువ్వు లేవనే కదా ఆ వారం పెట్టుకుంది."

"అదే చెప్తున్నా. నేనుండను. అమ్మనెవరు చూస్తారు?" అని బంగాళదుంపలు ఇంకో గరిటె వడ్డించుకున్నాడు. "పైగా క్యాంపుకి వంట?"

కర్ట్ చెడ్డవాడేమీ కాదు. మంచు పడితే పక్కింటి ముసలాయన గుమ్మం ముందు కూడా ఎత్తిపోస్తాడు. కుక్క చనిపోతే మూడురోజులు ఏడ్చాడు. షికాగో అంటే మాత్రం, ఇక్కడి ఫుట్‌బాల్ పిచ్చోళ్ళందరికీ ఉన్నట్టే, అతనికీ ఒళ్ళు మంట. "ఏముందక్కడ? ట్రాఫిక్కూ, ఆ ఊరి బేర్స్ జట్టు టోపీలూ" అనేవాడు. వెళ్ళొద్దని అనలేదు. అననే అనలేదు. "నువ్వెలా చూసుకుంటావో చూసుకో" అన్నాడంతే. అక్కడే పట్టేసింది లినెట్‌కి. వద్దంటే పోట్లాడొచ్చు. చూసుకో అంటే చూసుకోవాల్సిందే.

చూసుకోవడం మొదలుపెట్టింది. క్యాంపంటే అడవిలో వాళ్ళు దిగే చెక్క ఇల్లు. అందులో కర్ట్, అతని తమ్ముళ్ళు, స్నేహితులు కలిపి అయిదుగురు. చిక్కుడు గింజలూ కీమా కలిపి ఉడికించే చిల్లీ రెండు పెద్ద కుండలు, మాంసం ఉండలు, అరటిపండు రొట్టెలు, గుమ్మడికాయ కేకు ముక్కలు. గురువారం రాత్రి దాకా వండి, శుక్రవారం అన్నీ సర్ది కర్ట్‌ని సాగనంపేసరికి సగం రోజు పోతుంది. కాబట్టి శుక్రవారం ప్రయాణం శనివారం అయింది. పైగా హాల్వర్సన్ సోమవారం పొద్దున సెలవు చీటీ చూసి కనుబొమలెగరేశాడు. "శుక్రవారమా? మగటీచర్లంతా వేటకి పోతారు కదా. నువ్వు కూడా లేకపోతే ఫోనెవరు ఎత్తుతారు?" శనివారం పొద్దున అత్తగారికి స్నానానికి సాయం చెయ్యాలి, కాబట్టి అది శనివారం పదింటికి అయింది. ఆదివారం మధ్యాహ్నం ఎవరైనా జింకని కొట్టి తెచ్చి గరాజులో వేలాడదీస్తే వేడి భోజనం పెట్టాలి కదా, కాబట్టి ఆదివారం పొద్దున్నే తిరుగు ప్రయాణం. వేడినీళ్ళలో ఉతికిన ఉన్ని స్వెట్టరులా ప్రయాణం కుంచించుకుపోయింది. దానికి తోడు అత్తగారు ఇర్మా. వంటింటి వెనక గదిలోంచే అన్నీ వింటుంది. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట" అంది, తనలో తను అనుకుంటున్నట్టే, అందరికీ వినపడేంత గట్టిగా. "మా రోజుల్లో వేటప్పుడు ఆడది ఊరు దాటేది కాదు."

మంగళవారం లినెట్ బడి వంటశాలకి వెళ్ళి, చల్లకొచ్చి ముంత దాచినట్టు కాసేపు వాతావరణం గురించి మాట్లాడి, ఆఖరికి కొత్త ప్లాన్ చెప్పింది. మై చువా క్యారెట్లు తరగడం ఆపింది.

"నాలుగున్నర గంటలు వెళ్ళడం. నాలుగున్నర గంటలు రావడం. మధ్యలో పడుకోవడం. బావుంది. షికాగోలో దిండు కవరు రంగు చూసొద్దాం."

"ఏం చెయ్యను మరి? అందరూ..."

"ఆదివారం భోజనం పెట్టమని కర్ట్ అడిగాడా?"

లినెట్ నోరు తెరిచింది. గుర్తుచేసుకుంది. అడగలేదు. జింక దొరుకుతుందనీ, దాన్ని మోసుకుని ఇంటికొస్తారనీ, ఆకలేస్తుందనీ, వేడిగా కావాలంటారనీ తనే అనుకుంది. ఇంకా కొట్టని జింకకి తోడుగా వచ్చేవాళ్ళకి, ఇంకా వెయ్యని ఆకలికి వంట చెయ్యడానికి షికాగోని సగానికి కోసింది. ఒళ్ళు మండిపోయింది ఆమెకి. కర్ట్ మీద సగం, తన మీద మిగతా సగం. ఇన్నేళ్ళ కాపురంలో నేర్చుకున్న గొప్ప విద్య ఇదేనన్నమాట. ఎవరో అడిగేలోపే తనని తను తగ్గించుకోవడం. అడిగించుకుంటే కదా కాదనే అవకాశం దొరికేది.

"తిట్టుకోకు," అంది మై చువా, ఆమె మొహం చూసి. "నేనూ నిన్న మా ఆయనకి అన్నం పొట్లాలు ఇరవై కట్టి ఫ్రీజర్లో పెట్టాను. అడక్కుండానే."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఆపుకోలేక లినెట్ క్యారెట్ల బుట్ట పట్టుకోవాల్సి వచ్చింది.

అయినా బుధవారం సాయంత్రం దాకా ధైర్యం చాల్లేదు. అత్తగారికి సూప్ పెడుతూ మెల్లిగా కదిపింది. "పక్కింటి డొలోరెస్‌ని రోజుకి రెండుసార్లు వచ్చి చూడమన్నానమ్మా. నేను లేనప్పుడు మీకు ఇబ్బంది కాకూడదని."

"డొలోరెసా?" ఇర్మా చెంచా కింద పెట్టేసింది. "అది వస్తే మూడుగంటలు తన పిత్తాశయం గురించి చెప్తుంది. నేనేం పాపం చేశాను?"

"మీకోసం ఎవరో ఒకరు ఉండాలని కర్ట్..."

"నాకోసమా?" ఇర్మా నవ్వింది. నవ్వు కూడా దెప్పినట్టే ఉంటుంది ఆవిడది. "వాడు పదేళ్ళప్పుడూ అంతే. తనకి కుకీలు కావాల్సొస్తే 'అమ్మా, తమ్ముడికి ఆకలేస్తోందట' అనేవాడు. వాడికి కావల్సింది చిల్లీ. నా తుంటి విరిగి అతుక్కుంది గానీ నోరెప్పుడూ విరగలేదు. ఆకలేస్తే అడుగుతా. నన్నెవరైనా అడిగారా అసలు?"

మూడు రోజులుగా లినెట్ ఈవిడ పేరుమీద తన ప్రయాణాన్ని కోసుకుంటూ వచ్చింది. ఈవిణ్ణి మాత్రం ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు.

"స్నానం శుక్రవారం పొద్దున చేయించెయ్. ఆదివారం దాకా ఏం కంపు కొట్టను," అంది ఇర్మా. కాసేపు సూప్‌లో చెంచా తిప్పింది. "ముప్పై నవంబర్లు కర్ట్ నాన్నకి వండి పంపాను. గిన్నెలు మాడబెట్టి తెచ్చేవాడు. ఆ క్యాంపు గోడలకి ఏ రంగు వేశారో నాకీనాటికీ తెలీదు."

"నాకూ తెలీదు," అంది లినెట్.

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఈ ఇంట్లో కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ ఇద్దరూ ఒకే మాట మీద నిలబడింది అదే మొదటిసారి. అది మరీ ఎక్కువైపోయిందనిపించిందేమో, ఇర్మా వెంటనే మొహం చిట్లించింది. "సూప్‌లో ఉప్పు లేదు. పాప్‌కార్న్ తీసుకురా నాకు. చీజూ కారమెలూ కలిపింది. డబ్బా మీద బేర్స్ బొమ్మ ఉంటే మాత్రం గుమ్మంలోంచే విసిరేస్తా."

లినెట్ గిన్నెలు సింకులో వేసి నేలమాళిగలోకి దిగింది. అలమరలోంచి సబ్బు సీసా తీసింది. ఒక్క ఉతుకు. మెషిన్ మూత తెరిచి చాలాసేపు నిలబడింది. తర్వాత ఈలవేసుకుంటూ పని మొదలుపెట్టింది.

గురువారం పొద్దున హాల్వర్సన్ గది తలుపు తట్టింది.

"హాల్వర్సన్ గారూ, రేపు నేను రాను. వేటకి వెళ్తున్నా."

ఆయన కళ్ళజోడు పైకి తోశాడు. "నువ్వా? ఎక్కడికి?"

"దక్షిణానికి."

"మరి ఫోను?"

"మోగుతుందండీ. దగ్గరున్నవాళ్ళు ఎత్తుతారు."

వేటకి సెలవివ్వనన్న పాపం ఆ ఊళ్ళో ఏ హెడ్మాస్టరూ మూటగట్టుకోలేదు. "సరే... మంచి కొమ్ములున్నది దొరకాలి నీకు," అని సంతకం పెట్టేశాడు.

ఆ సాయంత్రం కర్ట్ హుషారుగా వచ్చాడు. వేట ముందురోజుల్లో అతనిలో పన్నెండేళ్ళ పిల్లాడు కనిపిస్తాడు, అది చూస్తే లినెట్‌కి ఇప్పటికీ ముద్దొస్తుంది. ఐస్‌పెట్టెలు తెచ్చి వంటింట్లో వరసగా పెట్టి మూతలు తీశాడు. పొయ్యి వైపు చూశాడు. పొయ్యి మీద ఏమీ లేదు.

"చిల్లీ ఏది?"

"చెయ్యలేదు."

"ఎప్పుడు చేస్తావ్?"

"చెయ్యను, కర్ట్. పొద్దున్నే నా ప్రయాణం. ఆదివారం రాత్రికి వస్తాను."

కర్ట్ ఒక ఐస్‌పెట్టె మూత వేశాడు. మళ్ళీ తీశాడు. "మరి అయిదుగురం తొమ్మిది రోజులు ఏం తినాలి?"

లినెట్ గోళ్ళకి ఎర్రరంగు వేసుకుంటోంది. తలెత్తింది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "తొమ్మిది రోజులకి వెళ్తున్నావు కదా. ఏమీ ప్లాన్ చేసుకోలేదా?"

తన మాట తనకే ఎదురొచ్చి నిలబడితే ఎలా ఉంటుందో కర్ట్ మొహంలో కనిపించింది. చెవులు ఎర్రబడ్డాయి. కాసేపటికి వెనక గది వైపు తిరిగాడు. "అమ్మా! నీ చిల్లీ ఎలా చేస్తావ్?"

ఇర్మా ఎవరి దినానికి ఎవరు ఏ వంటకం తెచ్చారో, అందులో ఉప్పెంత ఉందో నలభై ఏళ్ళ వెనక్కి వెళ్ళి చెప్పగల మనిషి. తెచ్చిన గిన్నె తిరిగివ్వని వాళ్ళ పేర్లు వరసగా అప్పగించగలదు. అంతటి ఇర్మా గదిలోంచి నీరసంగా అంది, "గుర్తులేదురా అబ్బాయ్. ముసలిదాన్నైపోయాను." ఒక్క క్షణమాగి, "కీమా ఎక్కడ దొరుకుతుందో మాత్రం గుర్తుంది. కొట్లో."

కర్ట్ కొట్టుకెళ్ళాడు. వేట కోటే తొడుక్కుని వెళ్ళాడు, వచ్చాక దాన్ని వంటింటి తలుపుకే తగిలించాడు. ఉల్లిపాయలు తరిగాడు, కళ్ళు తుడుచుకున్నాడు. "ఎంతసేపు వేయించాలి?" అని అడిగాడు. "రంగు మారేదాకా," అంది లినెట్, కుర్చీలోంచి లేవకుండా. లేవకుండా ఉండటం ఎంత కష్టమో ఆ గంటలో తెలిసొచ్చింది ఆమెకి. కాళ్ళు వాటంతటవే గరిటె వైపు పోతున్నాయి. గోళ్ళు ఆరలేదు కాబట్టి సరిపోయింది. వంటిల్లంతా పొగ. కొంచెం అడుగంటింది. అయినా తినేలాగే ఉంది. రుచి చూసి కర్ట్ తనే ఆశ్చర్యపోయాడు. "ఫరవాలేదే," అన్నాడు. "ఫరవాలేదు," అంది లినెట్. అబద్ధం కాదు.

శుక్రవారం పొద్దున మంచు కురవబోయే ముందు ఉండే తెల్లటి వెలుగు. వాకిట్లో కర్ట్ ట్రక్కు, దాని వెనక మై చువా చిన్న కారు, రెండింటి ఇంజన్లూ నడుస్తున్నాయి. ఇర్మా స్నానం చేసి, తల దువ్వుకుని, దుప్పటి కప్పుకుని కిటికీ దగ్గర కూర్చుంది, ఏదీ చూడట్లేదన్నట్టు. కర్ట్ నారింజరంగు కోటు తొడుక్కుంటూ ఆగిపోయాడు. మోచేతి దగ్గర ముక్కు పెట్టి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు.

"లిన్, ఇది ఉల్లిపాయ వాసనేస్తోంది. ఉతకలేదా?"

"నిన్న నువ్వు వేయించావు కదా, ఆ వాసన. సబ్బు ఒక్క ఉతుక్కే మిగిలింది."

"ఒక్క ఉతుకు చాలు కదా. ఏమైంది అది?"

లినెట్ మెట్ల మీద నిలబడి తన ముదురెరుపు కోటుకి గుండీలు పెట్టుకుంటోంది. పన్నెండు చలికాలాలుగా చర్చికీ, బడికీ, ఆస్పత్రికీ, కిరాణాకొట్టుకీ ఆ ఒక్క కోటే. వేయించిన ప్రతి ఉల్లిపాయా దాని దారాల్లోనే కాపురం ఉండేది. గురువారమంతా తీగమీద చలిగాలికి ఆరింది. కర్ట్ దగ్గరికొచ్చి ఆమె భుజం మీద వంగి పీల్చి చూశాడు. ఏమీ లేదు. ఉత్త గాలి.

"నీ కోటుకా?" అన్నాడు నోరు తెరిచి. "నీకెందుకు అది?"

లినెట్ అతని చెంప మీద ముద్దుపెట్టి, పెట్టె అందుకుని మెట్లు దిగింది. కారు తలుపు తీశాక వెనక్కి తిరిగి నవ్వింది.

"ఇంటి వాసన తగిలితే షికాగో కూడా ఆమడ దూరం నుంచే పారిపోతుంది కర్ట్. ఇన్నేళ్ళూ నాకు దొరక్కపోవడానికి కారణం అదే."